ఎనిమిది రొట్టెల్లో మూడు పోతే

ఆ పని నాతోటి కాదు వీరక్కా. కాదంటే కాదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?

జనగామల రాసేటోల్లకు కరువొచ్చిందా? కచేరి ముంగట పొద్దంత అర్జీలు రాసేటోల్లే కూసుంటరు. వాల్లందర్ని ఇడిసిపెట్టి, గింత ఎండల, ఊరి నుంచి నడుసుకుంట నా బడికే ఎందుకొచ్చినవు? మల్ల ఆ ముంత ఏంది? నెయ్యా? వద్దక్కా. ఒట్టు, నేను ముట్ట.

ఎల్లగొడతలేను. అట్ల అనుకోకు. జర మెల్లగ మాట్లాడు, గంతే. పిల్లలు అన్నాలకు పోయిండ్రు గని, పక్క గదిల ఇద్దరు ముగ్గురు ఉన్నట్టుంది. ఉండు, తలుపు దగ్గరికేసి వస్త.

ఆ. కూసో. గడప కాడ కాదు, చాప మీద కూసో. నీకంటె చిన్నదాన్ని. నా ముంగట గట్ల ఒదిగి ఒదిగి కూసుంటే నాకు పాపం తగుల్తది.

ఇగ మల్లొక్కసారి చెప్పు. ఏం రాయమంటవు?

"మా ఊరి బడి పంతులు నిజాముద్దీన్, నా బిడ్డ బడిల అన్న మాటలు నోటుబుక్కుల రాసి ఠాణా అమీను చేతికిచ్చిండు. అందుకే నా మామ కురుమ బక్కయ్యను పట్టుకపోయి సంపిండ్రు." గంతేనా? కింద నీ ఏలిముద్ర. రేపు పొద్దుగాల కచేరిల ఇస్తే, ఎనిమిది నెలల సంది జైల్ల ఉన్న మనిషికి శిక్ష ఖాయమైతదని ఊరి పెద్దలు చెప్పిండ్రు. అంతే గద?

ఇగో, కలం పక్కకు పెడ్తున్న. 

అవునక్కా, తెలుసు. నా చేతితోటే ఎందుకు రాయించుకుంటున్నవో తెలుసు. "పంతులమ్మ చెప్పి పంపబట్టే నా పెనిమిటి పోశాలు బతికిండు. ఆ చేతితోటే నా మామకు నాయం జరగాలె" అని. ఊర్లె అందరికి గదే చెప్తవట. పండుగనాడు నా పేరు మీద దీపం పెడ్తవట. ఆ మాట విన్నకాడి నుంచి నాకు ముద్ద దిగుతలేదు.

నేనొకటి చెప్త. నడుమల మాట్లాడకు. నేను గొంతు పెద్దది చేసే మనిషిని కాదు. ఒక్కసారి ఆగిన్నంటే మల్ల మొదలుపెట్టలేను.

పోయినేడు మాఘంల గద నేను మీ ఊరికొచ్చింది? హన్మకొండల ట్రైనింగు బడి నుంచి పంపిండ్రు. పంతులమ్మ కావాలంటే ముందుగాల పదిహేను దినాలు ఏదన్న ఒక బడిల మూలకు కూసోని చూడాలె. చెప్పుడు కాదు, చూసుడే. చూసింది రాసుడు.

మా పెద్ద పంతులమ్మ నోటుబుక్కు చేతుల పెట్టి చెప్పింది. "సరళా, చూసింది చూసినట్టు రాయాలె. పిల్ల ఏమన్నదో పిల్ల మాటలల్లనే రాయాలె. నీ తెలివి కలపకు. పేరు, ఈడు, తండ్రి ఎవరు, ఏ వాడ, అన్ని ఉండాలె. నోటుబుక్కు లేకుంట తిరిగొస్తే నీకు సర్టిఫికెటు లేదు." నేనేమో చెప్పింది జవదాటని దాన్ని. అచ్చరం పొల్లుపోకుంట రాసేదాన్ని.

మా బాపు చిల్పూరు గుట్ట మీద ఎంకన్న సామికి దండలు కట్టేటోడు. నన్ను రైలెక్కించేటప్పుడు నెత్తి మీద చెయ్యి పెట్టి, "బుగులైతే సామిని తలుసుకో బిడ్డా, బుగులు తీర్చే దేవుడాయన" అన్నడు. జనగామల రైలు దిగి బండెక్కిన్నో లేదో, మొదలైంది నాకు ఆ భయం. తొవ్వ పొడుగున కాలిపోయిన గడ్డివాములు. మనిషి కనపడడు. బండాయన ఒక్కటే చెప్పిండు. "తల్లీ, ఎవరు ఆపినా బడి పంతులమ్మనని చెప్పు. రజాకార్లు ఆపినా గదే, సంగపోల్లు ఆపినా గదే. ఇంకో మాట నోట్లకెల్లి రానియ్యకు."

ఇంకో మాట నోట్లకెల్లి రానియ్యలేదక్కా. చేతిలకెల్లి వచ్చింది.

మొదటి దినం మీ పోరగాండ్లు నన్ను చూసి ఒకటే గుసగుస. గోడ మూలకు చాపేసుకొని కూసున్న గద, అందుకు. నీ బిడ్డ మైసే లేచి అడిగింది, "పంతులమ్మా, నువ్వేం తప్పు చేసినవు? సారు ఎన్ని దినాలు కూసోమన్నడు?" అని. బడి బడంత నవ్వింది. నిజాముద్దీన్ సాబ్ గుడ నవ్విండు. "ఆమె శిక్ష కాదు బిడ్డా, మన శిక్ష. మనం ఎట్ల చదువుతున్నమో చూస్తది" అన్నడు.

గా నవ్వు అయిపోకముందే బయట బూట్ల సప్పుడైంది. ఎవరు చెప్పలేదు, ఎవరు సైగ చెయ్యలేదు. ముప్పై మంది పిల్లలు ఒక్కసారే ఎక్కం అందుకున్నరు. రెండొకట్ల రెండు, రెండు రెండ్ల నాలుగు. కండ్లు పలకల మీదనే. ఠాణా జవాన్లు కిటికీల నుంచి తొంగి చూసి పోయిండ్రు.  తర్వాత అడిగితే సాబ్ చెప్పిండు. "నేనే నేర్పిన. ఎక్కం చదివే పిల్లను ఎవడు ఏమడుగుతడు? అడిగితే తప్పిపోతదని వానికి గుడ భయం ఉంటది."

అది గుడ రాసిన. ఏమంటవు? ఆ, అది గుడ రాసిన నోటుబుక్కుల.

మూడో దినం తీసివేతలు. సాబ్ లెక్కలు చింతగింజలతోటి చెప్తడు, రొట్టెలతోటి చెప్తడు. పిల్లలకు ఆకలి లెక్క తొందరగ తెలుస్తదని. నీ మైసిని లేపిండు. "మీ అమ్మ ఎనిమిది రొట్టెలు చేసింది. నువ్వు, మీ అమ్మ, మీ తాత తలా ఒకటి తిన్నరు. ఎన్ని మిగిలినయి?"

మైసి ఏల్లు ముడుసుకుంట చానసేపు ఆలోచన చేసింది. చేసి, "ఏం మిగులయి సారు" అన్నది.

"ఎట్ల మిగులయి?"

"అయిదు నాయిన తింటడు. గరిసెల కూసోని."

వీరక్కా, నీకెట్ల చెప్పాలె నేను? జొన్నలుండే గరిసెల మనిషి కూసోని తింటడని పిల్ల చెప్తే, సంగంల ఉన్న పోశాలు అండ్ల దాగిండని బడంతకు తెలిసిపోయింది. ఏడేండ్ల పోరగాండ్లకు గుడ తెలుసు ఏమన్నదో. ఎనక వరుసల ఒక పిల్ల చేతులు చెవులకు అడ్డం పెట్టుకున్నది.

సాబ్ సుద్దముక్క కింద పెట్టిండు. గొంతు మారలేదు, మొఖం మారలేదు. "తప్పు మైసమ్మా. లెక్కల నాయినలుండరు. రొట్టెలే ఉంటయి. ఎన్ని?"

"అయిదు సారు."

"అందరు చెప్పుండ్రి."

"అయిదూ!"

పలకలు అదిరినయి. నేను మూలకు కూసోని రాస్తున్న. ఎంత సంబురపడుకుంట రాసిన్నో తెలుసా? చిన్నపిల్ల తన ఇంటిని లెక్కలకు తెచ్చుకున్నది, ఎంత తెలివి, మా పెద్ద పంతులమ్మకు చూపెట్టాలె అని. పిల్ల మాటలు పిల్ల మాటలల్లనే. కింద ముద్దుగ గీత గుడ కొట్టిన. పక్కకు పేరు. మైసమ్మ, ఏడేండ్లు, తండ్రి కురుమ పోశాలు, తాత బక్కయ్య, బొడ్రాయి కాడి వాడ.

ఆగు. నడుమల మాట్లాడకు అన్న గద. కూసో వీరక్కా. ఆ, నువ్వు విన్నది నిజమే. నేనే. ఆ నోటుబుక్కు నాది. నిజాముద్దీన్ సాబ్‌ది కాదు.

తెల్వక రాసిన అని చెప్పాలని ఉన్నది. ఏడాది సంది నాకు నేను గదే చెప్పుకుంటున్న. గని అది నిజం కాదు. గరిసె అన్న మాట కాడ చెయ్యి ఒక గడియ ఆగింది. ఆగి, మల్ల రాసింది. పొల్లుపోతే నోటుబుక్కు తప్పయితదని.

ఆరో దినం పొద్దుగాల బూట్ల సప్పుడు కిటికీ కాడ ఆగలేదు. లోపలికే వచ్చింది. అమీను, ఎనక ఇద్దరు జవాన్లు. పిల్లలు మూడో ఎక్కంల ఉన్నరు. అమీను ఇటు చూసిండు, అటు చూసిండు, మూలకు నన్ను చూసిండు.

"యే కౌన్?"

"ట్రైనింగు పిల్ల హుజూర్. బడి చూస్తందుకు వచ్చింది," అన్నడు సాబ్.

"క్యా లిఖ్తీ?" అని నా ఒడిలకెల్లి నోటుబుక్కు తీసుకున్నడు. తిప్పిండు. తెలుగు అచ్చరాలు. ఆయనకు ఒక్కటి రాదు. తిప్పంగ తిప్పంగ గీత కొట్టిన కాడ ఆగిండు. ఏలు పెట్టి, "పఢో" అన్నడు.

నేను పుట్టిన కాడి నుంచి అబద్ధం ఆడలేదక్కా. శనివారం ఒక్కపొద్దు తప్పలేదు, ఒకరి మీద చాడీ చెప్పలేదు. ఆ దినం లేచి నిలబడి, నేను రాసిన దాని మీదనే ఏలు పెట్టి, రాయనిది చదివిన. "ఎనిమిదిల నుంచి మూడు తీస్తే అయిదు. పిల్లలు బాగ చెప్పిండ్రు. పలకలు తుడిచి ఉన్నయి." గరిసె అని ఉన్నకాడ పలక అన్న. పోశాలు అని ఉన్నకాడ పిల్లలు అన్న. ఎంకన్నా, ఎంకన్నా అని లోపల ఒకటే మొర.

అప్పుడు నా ఎనకకెల్లి సాబ్ వంగి చూసిండు. ఆయనకు తెలుగు వస్తది గద, పద్యం తప్పులేకుంట చదివే మనిషి. నా ఏలు కింద ఏమున్నదో ఆయనకు కనపడ్డది. ఊపిరి ఆగింది ఆయనకు. నా మెడకు తెలిసింది ఆ ఆగుడు. ఇగ అయిపోయింది అనుకున్న. ఒక్క మాట అంటే చాలు, నా పని, నీ ఇంటి పని.

"సబక్ హై హుజూర్," అన్నడు. "పిల్లల పాఠం."

అమీను నవ్విండు. నవ్వి, నోటుబుక్కు సంకల పెట్టుకున్నడు. "పొద్దుగూకినంక గడీల పట్వారీ జగపతిరావుతోటి చదివిస్త" అని పోయిండు.

వాల్లు పోయినా పిల్లలు ఎక్కం ఆపలేదు. నాలుగు అయింది, అయిదు అయింది. సాబ్ చెయ్యెత్తి ఆపిండు.

నన్ను తిడతడనుకున్న. తిట్టలేదు. "ఎందుకు రాసినవని అడుగ బిడ్డా. రాయమన్నరు, రాసినవు. ఇప్పుడు పొద్దుగూకేదాక మన చేతుల ఉన్నది. వీరమ్మ ఇల్లు బొడ్రాయి దాటినంక మూడోది. పోయి చెప్పి రా."

మూడో ఇల్లు వీరక్కా. బడి గడపల నిలబడితే నీ దడి కనపడుతది.

నేను గడప దాటలేదు. ముందటి సందుల జవాను ఉన్నడేమో, నన్ను చూస్తడేమో, ఆడపిల్లను ఠాణాకు తీస్కపోతే ఏం చేస్తరో అందరికి తెలిసిందే గద. "సాబ్, నాకు బుగులైతుంది. నన్ను ఇంటికి పంపుండ్రి" అన్న. గంతే అన్న. అంతకంటె ఒక్క మాట రాలేదు.

ఆయన నా దిక్కు చూసిండు. కోపం లేదు. ఉంటే బాగుండు. "నేను పోతే పోశాలు బయటికి రాడు," అన్నడు, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఈ దినాలల్ల తురక చెప్తే సంగపోడు నమ్ముతడా? ఇది పన్నిన ఉచ్చు అనుకుంటడు."

మల్ల మైసిని దగ్గరికి పిలిచి, ఎదురుంగ గొంతుకూసున్నడు. "కడుపునొస్తుందని ఇంటికి పో. మీ అమ్మకు చెప్పు. పొద్దుగూకకముందే గరిసె ఖాళీ చెయ్యాలె. ఎవరు చెప్పిండ్రు?"

"సారు చెప్పిండు."

"కాదు. పంతులమ్మ చెప్పింది. ఎవరు?"

"పంతులమ్మ."

"సారు చెప్పిండా?"

"లేదు, పంతులమ్మ."

పాఠం అప్పజెప్పించుకున్నట్టు మూడుసార్లు చెప్పించిండు. పిల్ల కడుపు పట్టుకొని నడిసింది, నిజంగ నొస్తున్నట్టే. నేను పక్కనే నిలబడ్డ. నా పేరు నా ముంగటనే దానం పోతుంటే చూసుకుంట నిలబడ్డ. అటెన్క బండెక్కిన.

ఘనపురం కాడ రైలు దిగి ఇంటికి పోయిన. బాపు "పదిహేను దినాలన్నరు గద బిడ్డా, నోటుబుక్కేది?" అన్నడు. పోయింది అన్న. గుట్టెక్కిన గని సామి ముంగట నిలబడలేకపోయిన. తర్వాత సర్టిఫికెటు గుడ వచ్చింది నాకు. అల్లర్లల్ల పుస్తకం పోయిందంటే పెద్ద పంతులమ్మ నమ్మింది. మంచి పిల్ల, అబద్ధం ఆడదని.

మిగిలింది నీకు నేను చెప్పాలెనా? పోశాలు ఎల్లిపోయిండు. మీ మామ మాత్రం "గొర్రె ఈనబట్టింది, ఇడిసిపెట్టి ఎట్ల వస్త? ముసలోన్ని నన్నేం చేస్తరు" అని మందకాడనే ఉన్నడట. గరిసె పలగ్గొట్టి, కొడుకు దొరకక, తండ్రిని గుంజుకపోయిండ్రు. నువ్వు పీనుగను గుర్తుపట్టింది గొంగడిని చూసి అన్నరు.

వారం దినాలకు నాకు తెలిసింది. ఆ కబురు చెప్పిన మనిషే చేతులెత్తి మొక్కింది. "నువ్వు చెప్పబట్టి పోశాలన్న దక్కిండట తల్లీ" అని. కాదు అనాలె. నోరు తెరిసిన. మూసుకున్న.

మల్ల మిలిట్రీ వచ్చింది, నిజాం సర్కారు పోయింది, అమీను పారిపోయిండు. ఠాణాల నా నోటుబుక్కు దొరికింది, నా పేరున్న అట్ట ఊడిపోయి. బడి పుస్తకం, రాసింది ఎవరు అంటే, నువ్వే చెప్తివి గద ఇందాక, "నాదే" అన్నడట సాబ్. చూసిన పిల్లల్ని ఎవరు అడగలేదు. ఎందుకన్నడు? నాకేం తెలుసు? నా ఈడు బిడ్డ ఉన్నది ఆయనకు, నఫీసా. ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది రెండు నెలల కింద. ఏం తెలిసొచ్చిందో, ఊరికే బతిలాడుతందుకు వచ్చిందో. నేను లోపల గదిల దాక్కొని, ఇంట్ల లేదని చెప్పించిన. వాకిట్ల చానసేపు నిలబడ్డది. గాజుల సప్పుడు వినబడ్డది నాకు.

ఏమని భయం అంటవా? ఏ భయం లేదు అని అడుగు! నోటుబుక్కు నాదంటే, గిన్ని దినాలు ఎందుకు దాసినవని ఈ సర్కారు అడుగుతది. కొలువు పోతది. జాడ చెప్పినోల్లను సంగం దళపోల్లు ఏం చేస్తున్నరో ఇనలేదా? తెల్వక రాసిన అంటే నమ్ముతరా? అందరికంటె నువ్వంటేనే భయం వీరక్కా. నువ్వు ఆ తొవ్వల వస్తుంటే చూసి, ఎనక దర్వాజల నుంచి పోదామనుకున్న ఇందాక. చెప్పు దొరకక ఆగిన.

మూడుసార్లు కచేరికి పోయిన. నిజంగనే పోయిన. మూడుసార్లు మెట్ల కాడికి పోయి తిరిగొచ్చిన.

ఏమన్న అను. తిట్టు. కొట్టు. గట్ల చూడకు.

మైసి ఎట్లున్నది? లెక్కలు చేస్తుందా ఇంక? ... నోరు తెరుస్తలేదా? బడికి పోతలేదా?

అయ్యో.

ఎటు పోతున్నవు? లేస్తున్నవెందుకు? ఒక్క మాట. ఒక్క మాట విని పో.

నేను రాస్త. గిప్పుడే, నీ ముంగటనే రాస్త. నోటుబుక్కు నాదని, సాబ్ మీ ఇంటికి కబురు పంపిండని, నేను పక్కన నిలబడి చూసిన్నని. గని కాగితం చాలదట. మనిషి నిలబడి చెప్పాలెనట. నా అంతట నేను నిలబడ. నాకు తెలుసు నా సంగతి. ఇప్పుడు ఏడుస్తున్న గని, నువ్వు సందు మలిగేసరికి మల్ల పానం తీపైతది.

రేపు పొద్దుగాల రా. తలుపు తియ్యకుంటే తన్ను. జ్వరం అని చెప్పిస్తే నమ్మకు. రెక్క పట్టి గుంజుకపో నన్ను. తొవ్వల అందరు చూడనీ. మెట్ల కాడ నేను చెయ్యి ఇడిపించుకోబోత. తప్పకుంట ఇడిపించుకోబోత, బతిలాడుత, దేవుని మీద ఒట్టు పెడ్త.

అప్పుడు మాత్రం ఇడువకు వీరక్కా.